ఉమ్మడి గోడ

మద్దిలేటికి ఒక ముసలామెతో చిక్కు వచ్చిపడింది. ఏం చెబితే ఆమె నోరు మూస్తుందో తెలియక గురువు దగ్గరికి వచ్చాడు.

గురువు పేరు హుసేన్ పీరా. కర్నూలు పాత ఊళ్లో ఆయనకు చిన్న కొట్టు ఉంది. కాలిపోయిన స్పీకర్లకు తీగ చుట్టడం, చిరిగిన వాటికి కాగితం అతికించడం ఆయన పని. డెబ్బై దాటాయి. ఎవరి ఇంట్లోనైనా పాట సరిగ్గా పలకకపోతే ఆయన్నే పిలుచుకుపోయేవాళ్లు. ఆయన గది నడుమ నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టేవాడు. ఆ చప్పుడు ఎటు పోయి ఆగుతుందో వినేవాడు. ఆ బీరువా ఇటు జరపండి, ఆ కిటికీకి మందపు గుడ్డ వేలాడదీయండి అని చెప్పి వచ్చేసేవాడు. జరిపాక అదే పాట వేరేగా వినిపించేది.

మద్దిలేటి పన్నెండేళ్లు ఆయన దగ్గర పని నేర్చాడు. ఇప్పుడు సొంతంగా ఇళ్లలో పాటల గదులు అమరుస్తున్నాడు. గురువును ఉస్తాద్ అని పిలుస్తాడు.

"ఏమైంది?" అన్నాడు ఉస్తాద్, చేతిలోని స్పీకరు మీంచి కళ్లు ఎత్తకుండా.

"చక్రపాణి సార్ ఇంట్లో గది చేసినా గదా. పక్కింటి అవ్వ పానం తీస్తాంది."

చక్రపాణి కాలువల శాఖలో ఓవర్సీరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగమంతా గట్ల మీద, ఊరూరి క్వార్టర్లలో గడిచిపోయింది. డోలు, మృదంగం అంటే ఆయనకు ప్రాణం. ఎప్పటికైనా సొంత ఇంట్లో ఒక గది కట్టుకుని, ఆ వాయిద్యాలు ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టు వినాలని ముప్పై ఏళ్లుగా అనుకుంటూ ఉన్నాడు. ఆ గదిని మద్దిలేటి చేతిలో పెట్టాడు. రెండు నెలలు పట్టింది.

"గోడలకు దూది పలకలు బిగించినా. మూలల్లో ఫోమ్ పెట్టినా. తలుపు చుట్టూ రబ్బరు వేసినా. వాకిట్లో నిలబడి అరిచినా లోపలికి ఇనపడదు ఉస్తాద్, అట్ల చేసినా. ఆ అవ్వేమో మోత మోత అని మూడుసార్లొచ్చింది. ఇంత చేస్తే మోత యాడిది?"

"పోయి చూసినావా?"

"చూసినా. ఫోన్లో కొలిచి చూపించినా. నలభై డెసిబెల్లు గూడా లేదు. వాళ్ల ఫ్యానుదే అంతకంటే ఎక్కువ."

ఆ అంకె చూపించినప్పుడు ముసలామె లింగమ్మ దాని వైపు కాసేపు చూసింది. ఆమెకు చదువు రాదు. "ఫోన్లో లేదంటే లేదేమో నాయనా," అని సిగ్గుపడుతున్నట్టు లోపలికి పోయింది. నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి గొంతు ఇంకా తగ్గించి, "నాకు గాదు నాయనా, ఆయనకు," అంది.

ఈ మాట మద్దిలేటి నవ్వుతూ చెప్పాడు. ఉస్తాద్ చేయి ఆగింది.

"ఆయన ఎవరు?"

"ఆమె మొగుడు. పక్షవాతం. మంచంలోనే అన్నీ. మాట పడిపోయింది. మాటే లేనాయనకు మోత ఉందని ఈమెకెట్ల తెలుసు? మీరే చెప్పండి, ఆమెకు ఏమని నచ్చజెప్పేది?"

ఉస్తాద్ జిగురు డబ్బాకు మూత పెట్టి లేచాడు.

"పద."

*

చక్రపాణి వాళ్లను గుమ్మం దాకా ఎదురొచ్చి తీసుకుపోయాడు. ఉస్తాద్‌ను గది నడుమ ఉన్న కుర్చీలో కూర్చోబెట్టాడు. మద్దిలేటి మృదంగం పెట్టాడు.

ఉస్తాద్ కళ్లు మూసుకుని వాయింపు అయిపోయేదాకా విన్నాడు. గదిలో ఎక్కడా పాట చెదరలేదు. వాద్యగాడు వేలితో తుడిచినా, అరచేత్తో అదిమినా తెలుస్తోంది. ఎడమ వైపు పలికే లోతు దెబ్బ నేలలోంచి లేచి గుండెకు తగులుతోంది.

"బాగుంది," అన్నాడు ఉస్తాద్.

పన్నెండేళ్లలో ఆయన నోట ఆ మాట మద్దిలేటి వినలేదు. ఏం చేయాలో తోచక తీగల్ని సర్దుతున్నట్టు వంగాడు.

ఉస్తాద్ లేచి మూలన ఉన్న, లోతు దెబ్బలు పలికించే పెద్ద బేసు పెట్టె దగ్గరికి పోయాడు. దాని వెనక గోడ మీద అరచేయి పెట్టాడు.

"ఈ మూలకే ఎందుకు పెట్టినావు?"

"ఈ మూలైతే నిండుగా వస్తుంది ఉస్తాద్."

"ఈ గోడ ఎవరిది?"

"ఉమ్మడి గోడ," అన్నాడు చక్రపాణి. "మా నాయన, లింగమ్మ మామ కలిసి కట్టించినారు. మొదలుపెట్టేటప్పుడే నేను అడిగినా పీరా సాహెబ్. అవతల ఆమె మొగుడు ఉరుకుందప్ప పడుకోనుంటాడు, ఆయనకు ఇబ్బంది కాదు గదా అని. ఏం కాదన్నాడు మద్దిలేటి."

"ఇంత ఫోమ్ ఉండంగా ఎట్ల పోతుంది సార్?" అన్నాడు మద్దిలేటి.

ఉస్తాద్ గోడ మీంచి అరచేయి తీశాడు. చక్రపాణి వైపు తిరిగి, "ఇదే మళ్లా పెట్టండి. ఇంతే గట్టిగా. మేము వచ్చేదాకా ఆపొద్దు," అని బయటికి నడిచాడు.

*

లింగమ్మ తలుపు తీసి ఇద్దర్నీ చూసి బెదిరిపోయింది.

"నేను తగాదాకు రాలేదన్నా. ఊరికే చెప్పుకుందామని పోయినా, అంతే."

"తగాదాకు కాదమ్మా," అన్నాడు ఉస్తాద్. "ఆయన్ను చూసిపోదామని."

సన్నటి గది. ఉమ్మడి గోడకు ఆనించి ఇనప మంచం. దాని మీద ఉరుకుందప్ప వెల్లకిలా ఉన్నాడు. ఎడమ చేయి పక్కన పడేసినట్టుంది. కళ్లు తెరిచే ఉన్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది.

మద్దిలేటి గది నడుమ నిలబడి చెవి పెట్టాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. గోడ అవతల మృదంగం మోగుతోందని తెలిసినవాడికే ఎక్కడో దూరంగా ఏదో ఉన్నట్టు అనిపించాలి. జేబులోంచి ఫోన్ తీశాడు. ముప్పై ఎనిమిది. ఉస్తాద్ ముందుకు చాపాడు.

ఉస్తాద్ దాన్ని చూడలేదు.

"అమ్మా, మావోడు ఆయన పక్కన కొంచెంసేపు తల పెడతాడు. పెట్టొచ్చా?"

లింగమ్మకు అర్థం కాలేదు. కానీ తలూపింది.

"ఫోన్ లోపల పెట్టు. తల పెట్టు," అన్నాడు ఉస్తాద్.

"యాడ?"

"దిండు మీద. ఆయన తల పక్కన."

మద్దిలేటి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మంచం దగ్గర నూనె వాసన, మందు వాసన, ఎంత ఉతికినా పోని ఉచ్చ వాసన ఉన్నాయి. ఇబ్బందిగానే తల వంచి దిండు చివర ఆనించాడు. మంచం తలాపు చువ్వ కణతకు చల్లగా తగిలింది.

అప్పుడు వచ్చింది.

చెవిలోకి రాలేదు. చువ్వలోంచి కణతకు, దవడకు, పళ్లలోకి వచ్చింది. ఒక దెబ్బ. ఆగింది. మళ్లీ ఒకటి. తర్వాత మూడు వెంటవెంటనే. పాట లేదు, తాళం లేదు. పుర్రె లోపల ఎవరో మడమతో తంతున్నట్టుంది. ఆగినప్పుడు ఇంకా ఘోరంగా ఉంది, ఎందుకంటే మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఒళ్లంతా దానికోసమే బిగబట్టుకుని ఉంటోంది.

ఆ దెబ్బను మద్దిలేటి రెండు నెలలు సానబెట్టాడు. పెట్టెను ఆ మూలకు ఒక్కో అంగుళమే జరిపి, ఇక్కడ అని నేల మీద సుద్దతో గీత గీశాడు.

ముసలాయన మొహం జానెడు దూరంలో ఉంది. దెబ్బ పడినప్పుడల్లా ఆయన కుడి చేతి వేళ్లు దుప్పటిని పట్టుకుంటున్నాయి. ఆగితే వదులుతున్నాయి. కంటి కొనలోంచి నీళ్లు కారి చెవిలోకి పోతున్నాయి. తుడుచుకునే చేయి దుప్పటిని పట్టుకుని ఉంది. ఆ కన్ను మెల్లగా తిరిగి మద్దిలేటిని చూసింది.

మద్దిలేటి తల ఎత్తబోయాడు. భుజం మీద ఉస్తాద్ చేయి ఉంది. నొక్కలేదు. ఊరికే ఉంది. వాయింపు అయిపోయేదాకా ఉంది.

"నాపరాళ్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లు మిషను మీద చేసినాడన్నా," అంది లింగమ్మ వెనకనుంచి. "ఇంటికొస్తే గిన్నె చప్పుడు గూడా కానిచ్చేటోడు కాదు. ఊరకుండండే, చెవులు మండుతాండాయి అనేటోడు. ఇప్పుడు అది గూడా అనలేడు."

"మంచం ఇంకో గోడకు వేయరాదా అమ్మా?"

"అటు నీళ్లు పోసుకునే బచ్చలి తలుపు. ఇటు వాకిలి. యాడ వేసేదన్నా?"

ఉస్తాద్, మద్దిలేటి కలిసి మంచాన్ని గోడకు నాలుగు వేళ్లు ఎడంగా లాగారు. అంతకు మించి జాగా లేదు. పాత గోనె సంచులు మడిచి మంచం కోళ్ల కింద పెట్టారు.

"దీంతో కొంచెమే తగ్గుతుందమ్మా," అన్నాడు ఉస్తాద్. "మిగిలింది వీడు చేస్తాడు."

*

వీధిలోకి వచ్చాక ఉస్తాద్ ఆగాడు.

"బేసు పెట్టె ఈ పొద్దే తీసెయ్. తర్వాత ఈ గోడకు తగలకుండా లోపల ఇంకో గోడ లేపు."

ఫోమ్ గది లోపలి పాటను శుభ్రం చేస్తుందే కానీ గోడ దాటేదాన్ని పట్టుకోలేదని మద్దిలేటికి తెలియక కాదు. పనిలో చేరిన రెండో ఏడే ఉస్తాద్ చేసి చూపించాడు. ఇంకో గోడ కడితే గది ఒక అడుగు ఇరుకైపోతుంది, నెల ఆలస్యమవుతుంది. అందుకే ఆ సంగతి చక్రపాణికి చెప్పలేదు. ఫోన్లోని కొలత చెవికి అందే చప్పుడునే లెక్క పెడుతుందని, ఇంత లోతు మోతను దాదాపు వదిలేస్తుందని కూడా అతనికి తెలుసు.

"తీస్తా ఉస్తాద్," అన్నాడు. కొంచెం ఆగి, "ఆదివారం అయినంక తీస్తా," అన్నాడు.

ఉస్తాద్ అతని వైపు చూశాడు.

"నలుగురు వస్తాండారు ఉస్తాద్, నంద్యాల నుంచి, ఆదోని నుంచి. ఈ గది ఇనడానికే. ఆదోని ఆయన పెద్ద ఇల్లు కడతాండాడు. బేసు లేకుంటే ఏం చూపించేది? ఇన్నేండ్లకు ఒక మంచి పని చూపించుకునే రోజొచ్చింది. ఈ పొద్దు గురువారం. మూడు రోజులు. అంతే."

ఉస్తాద్ ఏమైనా అంటాడేమోనని చూశాడు. ఆయన లింగమ్మ ఇంటి వైపు ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత తన కొట్టు వైపు నడిచి వెళ్లిపోయాడు. వద్దనలేదు కదా అనుకున్నాడు మద్దిలేటి.

*

ఆదివారం పదకొండింటికి నలుగురూ వచ్చారు. కాఫీలయ్యాక గదిలో కూర్చున్నారు. తలుపు వేశారు.

మద్దిలేటి ముందుగానే బేసు తగ్గించి ఉంచాడు. రెండు పాటలు అట్లాగే పెట్టాడు. చక్రపాణి ఏదో తేడాగా ఉన్నట్టు అతని వైపు చూశాడు. మూడో పాట నడుమ ఆదోని ఆయన ముందుకు వంగి, "బాగుందప్పా. కానీ డోలు అంత ఆనడం లేదు. ఇంతేనా ఇది?" అన్నాడు.

మద్దిలేటి చేయి మీట మీదికి పోయింది. కణత మీద ఆ చువ్వ చల్లదనం గుర్తొచ్చింది. మంచం కింద గోనె సంచులు పెట్టాం కదా, నాలుగు వేళ్లు జరిపాం కదా అనుకున్నాడు. తిప్పాడు.

డోలు గది నిండిపోయింది. ఆదోని ఆయన వెనక్కి ఒరిగి నవ్వాడు. చక్రపాణి ముంజేయి చాపి నిక్కబొడుచుకున్న రోమాలు అందరికీ చూపించాడు. ఇంకొకటి పెట్టమన్నారు. ఇంకొకటి. మధ్యాహ్నం రెండింటి దాకా ఎవరూ లేవలేదు.

తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి పక్కింటి ముందు పది మంది ఉన్నారు. లింగమ్మ గడపలో కూర్చుని ఉంది. చెంబు ఆమె ఒళ్లో ఉంది. చీర కొంగు తడిసి ఉంది.

మద్దిలేటి ఆమె ముందు దాకా పోయి నిలబడ్డాడు.  ఆమే తలెత్తింది.

"పోయినాడు నాయనా."

"ఎప్పుడవ్వా?"

"ఇందాకనే. శ్వాస ఎగబీల్చినాడు. నీళ్లు పోద్దామంటే తల నిలవలేదు. ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో పోస్తాంటే నా చేతులు వణికినాయి. తల పట్టుకునేవాళ్లు కావాల్సి వచ్చింది. అవతలి ఇంటోళ్లు పెండ్లికి పోయినారు. మీ వాకిలి కొట్టినా." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది చెబుతోంది. "శానాసేపు కొట్టినా. లోపల పాట ఉన్నింది గదా, ఇనపడలేదేమో. మళ్లా వచ్చి నేనే పోసినా. నోట్లోకి ఒక చుక్క పోయిందో లేదో. అన్నీ దిండు మీదనే పడినాయి."

చక్రపాణి వెనకే నిలబడి విన్నాడు. 

"నువ్వు ఏం కాదంటివి గదప్పా," అన్నాడు మద్దిలేటితో. గట్టిగా అనలేదు. లోపలికి పోయాడు.

వచ్చిన నలుగురూ తలలు వంచుకుని బండెక్కారు.

సాయంత్రం పాడె కట్టేటప్పుడు మోసేవాళ్లు తక్కువయ్యారు. మద్దిలేటి భుజం పెట్టాడు. పాడె తేలికగా ఉంది. అంత తేలికగా ఉంటుందని అతను అనుకోలేదు.

*

మర్నాడే బేసు పెట్టె తీసేశాడు. చక్రపాణి వద్దనలేదు, ఊ అనలేదు. ఇటుకలు, సిమెంటు తెప్పించి మద్దిలేటి తనే గోడ లేపాడు. పాత గోడకూ కొత్తదానికీ నడుమ బెత్తెడు ఖాళీ వదిలి, రెండూ ఎక్కడా తగలకుండా చూసుకున్నాడు. కింద రబ్బరు పరిచాడు. పద్దెనిమిది రోజులు పట్టింది. అన్ని రోజుల్లో చక్రపాణి ఒక్కసారి కూడా ఆ గదిలోకి రాలేదు. మంచినీళ్లు గుమ్మం దగ్గర పెట్టి పోయేవాడు.

నడుమలో ఆదోని ఆయన ఫోన్ చేశాడు. "గది మాత్రం అద్భుతంగా చేసినావప్పా. మా ఇల్లు నీకే," అన్నాడు. ఆ ఫోన్ కోసం మద్దిలేటి ఏళ్ల తరబడి ఎదురుచూశాడు.  తర్వాత చేస్తానని పెట్టేశాడు. చేయలేదు.

గోడ పూర్తయ్యాక బేసు పెట్టె తిరిగి లోపల పెట్టి, డోలు పాట పెట్టి, లింగమ్మ ఇంటికి పోయాడు. ఇనప మంచం లేదు. ఎవరికో ఇచ్చేసిందట. అది ఉన్నచోట నేల మీద నాలుగు కోళ్ల గుర్తులు ఉన్నాయి.

మద్దిలేటి ఆ గుర్తుల మధ్య వెల్లకిలా పడుకున్నాడు. తల గోడకు ఆనించాడు. దవడ ఆనించాడు. పళ్లు బిగించి చూశాడు. ఏమీ లేదు. గోడ రాయిలా ఉంది.

"రావడం లేదవ్వా," అన్నాడు లేవకుండానే. "అస్సలు రావడం లేదు. నువ్వు చూడు."

లింగమ్మ పక్కన కూర్చుని గోడ మీద చేయి పెట్టింది. కాసేపు అట్లాగే ఉంచింది.

"అవును నాయనా. ఏమీ లేదు," అంది. తర్వాత, "ఇప్పుడు ఎవరికి నాయనా?" అంది.

*

మద్దిలేటి ఉస్తాద్ కొట్టుకు పోయేసరికి పొద్దు ఇంకా బాగానే ఉంది. ఉస్తాద్ ఒక స్పీకరు కాగితం చిరిగినచోట సన్నటి పేలిక అతికిస్తున్నాడు. తల ఎత్తి చూసి, పక్కనున్న ముక్కాలి పీట చూపించాడు.

మద్దిలేటి కూర్చున్నాడు. చేతులకు సిమెంటు ఇంకా ఉంది. దాన్ని గోటితో గీకుతూ ఉన్నాడు.  ఒక మనిషి వచ్చి రేడియో ఇచ్చి పోయాడు. ఇంకొకాయన వచ్చి తనది తీసుకుపోయాడు.

"ఉస్తాద్."

"ఊఁ."

"ఆ పొద్దే తీసేసింటే ఆయన బతుకుతుండెనా?"

ఉస్తాద్ అతికించిన పేలిక అంచును బొటనవేలితో మెల్లగా ఒత్తాడు. ఆరడానికి నోటితో ఊదాడు. స్పీకరును పక్కన పెట్టి, మద్దిలేటి మొహంలోకి చూశాడు.

"లేదు. ఆయన పోయేవాడే."

మద్దిలేటి ఇన్ని రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలాడు.

"నిమ్మళంగా పోయేవాడు," అన్నాడు ఉస్తాద్.